హాజీ సయ్యాహ్: పత్రంలో అమెరికన్, సంకెళ్లలో ఇరానీ

అమెరికా పౌరసత్వం పుచ్చుకున్న తొలి ఇరానీ హాజీ సయ్యాహ్. సంవత్సరం 1875. ఆయన గురించి ఎవరైనా చెప్పేది ఈ ఒక్క ముక్కే. నన్నడిగితే, అసలు కథ తిరిగొచ్చాకే.

అసలు పేరు మీర్జా మొహమ్మద్ అలీ. ఇరాన్‌లోని మహల్లాత్‌లో పుట్టిన ఆయన, మేనరికం లాంటి సంబంధం తప్పించుకోడానికి 1859లో ఇల్లు వదిలాడు. చచ్చిపోయానని ఇంటికి కబురూ పంపాడు! చేతిలో డబ్బుల్లేవు. తిఫ్లిస్‌లో (నేటి జార్జియా రాజధాని త్బిలిసి) తనకొచ్చిన భాషలు నేర్పి, అక్కడి భాషలు నేర్చుకున్నాడు. 18 ఏళ్లు అలా తిరుగుతూనే ఉన్నాడు.

1877లో ఇరాన్ చేరాడు. అప్పటికి చట్టం, పార్లమెంటు ఉన్న దేశాలు చూసిన కళ్లవి. ఇక్కడేమో షా, అంటే రాజు, మాటే చట్టం. 1890లో షా 50 ఏళ్లకు పొగాకు వ్యాపారం మొత్తం ఓ ఇంగ్లీషు మేజరుకు రాసిచ్చేశాడు, ఏడాదికి 15 వేల పౌండ్లకీ, లాభంలో పావు వాటాకీ. ఆ ఏడాదుల్లోనే పాలనను తప్పుబట్టే లేఖల కేసులో సయ్యాహ్‌ను పట్టుకుని కజ్వీన్ జైల్లో వేశారు. అమెరికా పౌరసత్వం అక్కడ అక్కరకు రాలేదు.

అదే జైల్లో ఉన్న మీర్జా రెజా కెర్మానీ 1896లో షాను కాల్చి చంపాడు. సయ్యాహ్ తుపాకీ దారి పట్టలేదు, 1906లో ఇరాన్‌కు వచ్చిన రాజ్యాంగం చూసి, 1925 దాకా బతికాడు.