పెట్రోలా, కరెంటా?

పీచ్‌ట్రీ సిటీకి మారాక మొదట కొన్నది గోల్ఫ్ కార్ట్, అదే గోల్ఫ్ మైదానాల్లో తిరిగే చిన్న బండి. నేను గోల్ఫ్ ఆడను. అమెరికా జార్జియా రాష్ట్రంలోని ఈ ఊళ్లో దాదాపు 160 కిలోమీటర్ల కార్ట్ దారులున్నాయి, కూరగాయలకీ అదే బండి. గ్యాస్‌దా, కరెంటుదా అని ఇంట్లో రెండు వారాలు రగడ. ఇక్కడ గ్యాసంటే పెట్రోలే లెండి.

చవగ్గా వస్తోందని పాత కరెంటుది తెచ్చా. సీటు కింద ఆరు బ్యాటరీలు, ఒక్కోటి 8 వోల్టులు. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలని అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆగస్టు ఎండలో ఎత్తు ఎక్కుతుంటే నత్తనడక, కాసేపటికి అదీ లేదు. పాల క్యాన్లు సీట్లో పెట్టి ఇద్దరం ఇంటిదాకా తోశాం.

"పెట్రోలుదైతేనా..." అంది మా ఆవిడ. పక్కింటాయన పెట్రోలు బండి పొద్దున్నే డబడబమంటే కిటికీ మూసేదీ తనే!

చివరికి లిథియం బ్యాటరీలు వేయించా. బిల్లు ఇంకా చూపించలేదు.