మ్యూనిక్ సంతలో సన్నాయి

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మ్యూనిక్‌కి ఐసీఈ అనే వేగపు రైల్లో మూడుంబావు గంటలు. ముందురోజు కొనబోతే టికెట్ ధర గుండె ఆగేలా ఉంటుంది. అందుకే 2025 రేటు ప్రకారం నెలకు 58 యూరోలు కట్టిన డాయిష్‌లాండ్ టికెట్‌తో ప్రాంతీయ రైళ్లు పట్టుకున్నాను. వూర్జ్‌బుర్గ్‌లో ఒకసారి, న్యూరెంబర్గ్‌లో ఒకసారి మారాలి. అన్నీ కుదిరితే ఐదున్నర గంటలు. కుదరలేదు. వూర్జ్‌బుర్గ్‌లో మారడానికి ఎనిమిది నిమిషాలే ఉంది, మొదటి రైలు పది నిమిషాలు ఆలస్యం. ఈ దారిన వెళ్లేవాళ్లు రైలుకీ రైలుకీ మధ్య కనీసం ఇరవై నిమిషాలు ఉంచుకోండి.

ఊరు చూడలేదు. ఏప్రిల్‌లో వసంతోత్సవం మొదలైన శనివారం తెరేజియన్‌వీసె మైదానంలో పాతసామాన్ల సంత జరుగుతుంది. ఆక్టోబర్‌ఫెస్ట్ జరిగే చోటే. ముఖ్య స్టేషన్ నుంచి నడిచే దూరం. దుప్పట్లు పరిచి పిల్లల బట్టలు, స్కీలు, గడియారాలు అమ్ముతుంటారు. ఎల్పీ రికార్డులు మాత్రం ఎక్కువగా అరటిపళ్ల అట్టపెట్టెల్లో ఉంటాయి. తెల్లారేసరికే టార్చిలైటుతో వచ్చిన వ్యాపారులు మంచివి ఏరుకుపోతారు. నేను తొమ్మిదింటికి వెళ్లాను, అది ఆలస్యమే.

వెతుకుతున్నది ఒక్కటే: మ్యూనిక్ జాజ్ రాక్ బృందం ఎంబ్రియో 1973లో చేసిన ‘వి కీప్ ఆన్’ ఎల్పీ. విడుదల చేసింది ఖాళీ క్యాసెట్లు అమ్మిన బీఏఎస్ఎఫ్ కంపెనీయే. క్రిస్టియన్ బుర్కార్డ్ డ్రమ్స్, మరింబా. రోమన్ బుంకా గిటార్, సాజ్ అనే తంత్రీవాద్యం. డీటర్ మీకౌచ్ కీబోర్డులు. వీళ్లతో బోస్టన్‌లో పుట్టిన శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ మరియానో. ఆయన పేరు పక్కన శాక్సఫోన్, ఫ్లూటుతో పాటు ‘నాగస్వరం’ అని ఉంటుంది. మన పెళ్లి పందిట్లో మోగే వాద్యమే.

మూడో వరసలో ఒక పెద్దాయన దగ్గర దొరికింది. డెబ్బై యూరోలన్నాడు. అట్ట అంచు చిరిగి ఉంది, లోపలి కాగితం కవరు అసలుది కాదు. ఆ స్థితిలో అది ఎక్కువ ధరే. బేరానికి ముందు రికార్డు పళ్లాన్ని చూడాలి. ఎండకు ఏటవాలుగా పట్టుకుని తిప్పితే గీతలు తేలతాయి. వేలిగోరుకు తగలని వెంట్రుకగీతలు పెద్దగా బాధించవు. గోరు ఆగితే మాత్రం అక్కడ టిక్కుమనడం ఖాయం. నడిమి కన్నం చుట్టూ లేబుల్ మీద సన్నటి వెండిగీతలు ఎన్ని ఉంటే అన్నిసార్లు ప్లేయరు కడ్డీకి తడుముతూ ఎక్కించారని అర్థం. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన కూడా తెలిసిపోతుంది.

ఆయన దగ్గర బ్యాటరీ ప్లేయరు ఉంది. ఇలాంటివాటి ముల్లు బరువు ఎక్కువ, సైడంతా వేయనివ్వకూడదు. చివరి నిమిషం వింటే చాలు. నిమిషానికి ముప్ఫైమూడూ మూడోవంతు చుట్లు తిరిగే పళ్లెంలో బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు పరిగెడుతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20కి కాస్త పైన. అంత ఇరుకులో పైస్థాయి శబ్దాలు ఇమడాలి. అరిగిన ముల్లు ముందు పాడుచేసేది అక్కడే. ముక్కుతో పలికినట్టుండే, రెండు పీకల (ఊదితే వణికే రెల్లు రేకుల) వాద్యాలకు అది శాపం: గాడి అరిగితే సన్నాయి రేకు డబ్బా గీకినట్టు ఉంటుంది. ఇది శుభ్రంగానే పలికింది. యాభైఅయిదుకి ఇచ్చాడు.

శాక్సఫోన్‌కి ఒకే పీక, అదీ గట్టి మౌత్‌పీసుకి బిగించి ఉంటుంది. నాగస్వరంలో రెండు పీకలూ పెదాల మధ్యే వణకాలి. గమకం వేళ్లతోనే కాదు, ఊపిరితోనూ పెదాల బిగువుతోనూ వస్తుంది. నలభై దాటాక ఆ పెదాల అలవాటు మార్చుకోవడం ఎంత సాధనో ఊహించండి. మరియానో 1923లో పుట్టాడు. మన కరవదిలో నాగస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టింది 1924లో. చినమౌలానా రాగాన్ని సాగదీసే నెమ్మదిని మరియానో దగ్గర వెతక్కూడదు. ఇక్కడ డోలు లేదు, తాళం చుట్టూ అల్లుకునే ఊసూ లేదు. డ్రమ్స్ తోస్తుంటే వాద్యం ఆ ఒరవడి మీద కేక వేస్తూ పోతుంది. నాకు అది కచేరీలా కాక ఊరేగింపులా వినిపిస్తుంది, అందుకే ఇష్టం.

ఇంకో ముక్క, ‘ఫ్లూట్ అండ్ సాజ్’. సాజ్ టర్కీ వాద్యం. దాని మెట్లు తంత్రితో కట్టినవి, జరపొచ్చు. పియానో మెట్ల మధ్య ఇరుక్కున్న స్వరాలు అక్కడ దొరుకుతాయి. ‘హాక్‌బ్రెట్ డాన్స్’లో వినిపించేది బవేరియా పల్లెల్లో సుత్తులతో వాయించే సంతూర్ లాంటి వాద్యం. జర్మనీ జాజ్ రాక్ అంటే అమెరికా నకలు అనుకునేవాళ్లకి ముందు ఇదే వినిపిస్తాను.

తిరుగు రైల్లో పళ్లాన్ని అట్టలోంచి తీసి, వేరే కవరులో పెట్టి, అట్ట వెనక నిలబెట్టాను. లోపలే ఉంచితే కుదుపులకు అది అట్ట అంచుల్ని కోస్తుంది. ఇంటికొచ్చి డిస్టిల్డ్ వాటర్లో రెండు చుక్కల సబ్బు వేసి, లేబుల్ తడవకుండా మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే తుడిచాను. వట్టి నీళ్లతో మరోసారి కడిగి ఆరబెట్టాక చిటపట సగానికి తగ్గింది.

1978-79లో ఈ బృందం ఇరాన్, అఫ్ఘానిస్తాన్ మీదుగా మన దేశానికి వచ్చింది. ఆ దారిలో చేసిన రికార్డింగులే 1979 నాటి జంట ఎల్పీ ‘ఎంబ్రియోస్ రైజె’. రైజె అంటే యాత్ర. దాన్ని అడిగితే పెద్దాయన ఖాళీ పెట్టె చూపించి, “ఆరింటికే పోయింది” అన్నాడు.