ఎనిమిదో వంతు హెచ్‌టీ-2: ఐదో నెల పని వివరాలు

వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా ఇరవై ఏళ్లు పనిచేసిన నేను, అందులో 1979 నుంచి నాలుగేళ్లపాటు బీదర్‌లో నా చేతులతో సర్వీసు చేసిన హెచ్‌టీ-2 శిక్షణ విమానానికి రేడియో నియంత్రిత నమూనా కడుతున్నాను. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ డిజైనర్ డాక్టర్ ఘాటగే నాయకత్వంలో బెంగళూరులో రూపుదిద్దుకుని 1951 ఆగస్టులో తొలిసారి ఎగిరిన ఈ విమానం దగ్గరే నేను పని నేర్చుకున్నాను. మా అమ్మాయి పుట్టింది కూడా బీదర్ క్వార్టర్సులోనే. పగలంతా విమానాల దగ్గరే గడిచిపోవడంతో ఆమె తొలి అడుగులు నేను చూడలేదు. ఇప్పుడు ఆమె కూతురు, పదకొండేళ్ల నా మనవరాలు, బడి నుంచి రాగానే నా బల్ల ఎదుట కూర్చుంటుంది.

అసలు విమానం రెక్కల విస్తీర్ణం 16 చదరపు మీటర్లు. ఒక కొన నుంచి మరో కొనకు 10.72 మీటర్లు, పొడవు 7.53 మీటర్లు. ఎనిమిదో వంతుకు తగ్గిస్తే రెక్క 1,340 మి.మీ., పొడవు 941 మి.మీ., విస్తీర్ణం పావు చదరపు మీటరు వస్తాయి. బరువు 1,450 గ్రాములు దాటకూడదని మొదటే నిర్ణయించుకున్నాను. రిబ్‌లకు, అంటే రెక్క ఆకారాన్ని నిలిపే లోపలి అడ్డుపలకలకు, 2 మి.మీ. బాల్సా అనే తేలిక చెక్క, ఫ్యూజలేజ్ (విమానం ఒళ్లు) అడ్డుచట్రాలకు 3 మి.మీ. తేలికపాటి ప్లైవుడ్ వాడాను. అసలు విమానానికి సిరస్ మేజర్ ఇంజన్‌ను తలకిందులుగా, అంటే సిలిండర్లు కిందికి ఉండేలా, బిగించేవారు కనుక ప్రొపెల్లర్ ఇరుసు ముక్కు పైభాగానికి దగ్గరగా ఉంటుంది. మోటారును ముక్కు మధ్యలో బిగిస్తే ఎంత నునుపుగా చేసినా అది హెచ్‌టీ-2లా కనిపించదు.

ఈ నెల ఎక్కువ కాలం రెక్కకే పట్టింది. కొనలకు వచ్చేసరికి సన్నబడే రెక్క, వేగం తగ్గినప్పుడు ముందుగా కొన దగ్గరే లిఫ్టు (పైకి లేపే బలం) కోల్పోయి ఒక పక్కకు ఒరిగిపోతుంది. అలా జరగకుండా చివరి రిబ్ వెనుక అంచు కింద 4 మి.మీ. బద్ద పెట్టి అతికించాను. కొన వెడల్పు 120 మి.మీ. కాబట్టి అది దాదాపు రెండు డిగ్రీల మెలిక అవుతుంది. కానీ రెక్కపై కప్పే పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్ వేసి ఇస్త్రీ చేశాక కొలిస్తే, ఎడమవైపు 4 మి.మీ. అలాగే ఉండగా కుడివైపు 2 మి.మీ. మాత్రమే మిగిలింది, ఫిల్మ్‌ను ఒక పక్క ఎక్కువగా లాగింది నేనే. మనవరాలు కొనను కొద్దిగా మెలిపెట్టి పట్టుకోగా, నేను రెండు వైపులా ఫిల్మ్‌ను మళ్లీ వేడిచేసి, చల్లారేవరకు ఇద్దరమూ కదలకుండా నిలబడ్డాం. మర్నాటి ఉదయానికి రెండు కొనలూ సమానంగా వచ్చాయి.

తర్వాతి చిక్కు తోక బరువు. నా నమూనాలో తోక వద్ద 10 గ్రాములు పెరిగితే, సమతూకానికి ముక్కులో సుమారు 25 గ్రాములు చేర్చాలి. అందుకే ముక్కులో సీసం పెట్టకుండా, తోక రెక్కలను మళ్లీ గీకి 14 గ్రాములు తగ్గించి, 2,200 ఎంఏహెచ్ బ్యాటరీని మోటారు వెనుక గోడ దాకా జరిపాను. ఇప్పుడు మొత్తం 1,430 గ్రాములు. సగటు రెక్క వెడల్పులో నాలుగో వంతు దగ్గర, అంటే ఆ వెడల్పు ముందు అంచు నుంచి 47 మి.మీ. వద్ద వేళ్లపై నిలబెడితే ముక్కు, తోక ఒకే మట్టంలో ఉండి నిలుస్తోంది.

సర్వీసులో ప్రతి విమానానికీ ఫారం 700 ఉండేది. చేసిన పని రాసి సంతకం పెట్టనిదే విమానం కదిలేది కాదు. లోపల మరిచిన చిన్న స్క్రూడ్రైవర్ కంట్రోల్ తీగకు అడ్డుపడినా ప్రాణాలు పోతాయి కనుక, పనిముట్లు లెక్క సరిపోయాకే ఇంటికి వెళ్లేవాళ్లం. ఇక్కడా అదే పద్ధతి పెట్టాను. రోజూ చివర్లో పదిహేడు పనిముట్లనూ మనవరాలు లెక్కపెట్టి పుస్తకంలో రాస్తుంది. గత మంగళవారం పదహారే వచ్చాయి. బ్లేడు కత్తి దొరికేదాకా అన్నానికి లేవలేదు. నా భార్య కూడా వచ్చి వెతికింది, చివరికి రెక్క తొడుగు మడతలో దొరికింది. "తాతయ్యా, ఇప్పుడు సంతకం పెట్టనా?" అని అడిగి పెట్టింది.

మేముండే సైనిక్‌పురి పక్కనే హకీంపేట వైమానిక స్థావరం ఉంది కనుక ఇక్కడ ఎగరేయడం కుదరదు. డ్రోన్ల వంటివి ఎక్కడ ఎగరేయవచ్చో తెలిపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చగా చూపే మైదానం కోసం ఊరి వెలుపల చూస్తున్నాం. ఆలోగా మోటారును రెండు డిగ్రీలు కిందికి, రెండు డిగ్రీలు కుడికి వంచి బిగించాలి, ఐలరాన్ల (రెక్కల వెనుక అంచున పైకీ కిందికీ కదిలే పలకలు) కదలిక కొలవాలి, తోక చక్రాన్ని రడ్డర్‌కు (తోకపై పక్కలకు తిరిగే నిలువు పలక) కలపాలి. నేలమీద పరుగు పరీక్ష వచ్చే ఆదివారం. మా అమ్మాయి కూడా వస్తానంది.