అఆల కంటే ముందు ఆరు నెలలు

పోయినేడాది మా ఎల్‌కేజీలో అందరికంటే ముందున్నాడని మేమంతా మెచ్చుకున్న బాబు ఒకడున్నాడు. అ నుంచి ఱ దాకా తడుముకోకుండా చెప్పేవాడు. నాలుగు గీతల కాపీలో ఏబీసీడీలు ముత్యాల్లా రాసేవాడు. మార్చిలో ఓ రోజు వాడి చేతికి బొమ్మల కథల పుస్తకం ఇచ్చి "చదువు నాన్నా" అన్నాను. మొదటి పేజీ తీసి, బొమ్మ మీద వేలు పెట్టి "అ అమ్మ, ఆ ఆవు, ఇ ఇల్లు" అని మొదలుపెట్టాడు. ఆ పేజీలో అమ్మా లేదు, ఆవూ లేదు. చెరువులో ఏనుగు స్నానం చేస్తోంది. పేజీ తిప్పి "ఈ ఈగ, ఉ ఉడుత" అన్నాడు. వాడి లెక్కలో చదవడమంటే అదే, పుస్తకం పట్టుకుని ఆ పాట అప్పజెప్పడం. బొమ్మ కింద ఉన్న నల్లటి గీతల్లో ఏనుగు సంగతి ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. ఏడాది పొడుగునా వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మలక్‌పేటలో ఓ చిన్న ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లుగా చిన్నపిల్లలకు చెప్తున్నాను. జూన్ 12న బడి తెరవగానే మా హెచ్‌ఎమ్ మేడమ్ దగ్గరికి వెళ్లి అడిగాను, మొదటి ఆరు నెలలు పిల్లల చేత ఒక్క అక్షరం కూడా రాయించను, ఒప్పుకోండి అని. ఆవిడ చాలాసేపు ఆలోచించి "పేరెంట్స్‌కి నువ్వే జవాబు చెప్పుకోవాలమ్మా" అన్నారు. సరేనన్నాను.

నేను చేయాలనుకున్నదాన్ని ప్రింట్ అవేర్‌నెస్ అంటారు. రాత మీద ఎరుక. పుస్తకానికి ముందూ వెనకా ఉంటాయని, మాట బొమ్మలో కాక రాతలో ఉంటుందని, వరస ఎడమ నుంచి కుడికి పోయి మళ్లీ కింది వరస మొదటికి వస్తుందని, మధ్యలో ఖాళీలు ఊరికే లేవని పిల్లలకు తెలియడం. మనకు ఇవన్నీ ఎప్పుడు తెలిశాయో కూడా గుర్తులేదు కాబట్టి, పిల్లలకు వీటిని చెప్పాలని తోచదు. న్యూజిలాండ్‌లో మేరీ క్లే అనే ఆవిడ 1972లో దీని కోసమే ఓ చిన్న పుస్తకం తయారుచేశారు. అందులో కావాలనే కొన్ని పేజీలు తలకిందులుగా వేశారు, కొన్నిచోట్ల మాటల వరస తారుమారు చేశారు. పిల్లవాడికి పుస్తకం ఇచ్చి "ఎక్కడి నుంచి చదవను?" అని అడుగుతారు. చదవడం రాని పిల్లవాడికి కూడా ఎంత తెలుసో దాంట్లో బయటపడుతుంది. మన దగ్గర 2022 అక్టోబరులో వచ్చిన, 3 నుంచి 8 ఏళ్ల పిల్లల పాఠ్యప్రణాళిక చట్రం కూడా తరగతి గదిలో పిల్లల చుట్టూ రాత ఉండాలని చెప్తుంది.

నా దగ్గర అలాంటి పుస్తకం లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి పెద్ద అక్షరాల కథల పుస్తకాలు ఏరి తెచ్చుకున్నాను. మొదటి వారం ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పుస్తకం చేతికిచ్చి చూశాను. ఇరవై ఏడు మందిలో పదకొండు మంది తలకిందులుగా పట్టుకున్నారు. "నేను ఎక్కడ చదవాలో చూపించు బంగారం" అంటే నలుగురు తప్ప అందరూ బొమ్మ మీదే వేలు పెట్టారు.

ఇంకో పరీక్ష కూడా పెట్టాను. 1984లో ముగ్గురు అమెరికన్ పరిశోధకులు ఇంకా బడి ఈడు రాని చిన్నపిల్లలకు పెప్సీ గుర్తు చూపించారట, మొదటి అక్షరం పీ తీసేసి ఎక్స్ పెట్టి. చాలామంది పిల్లలు తేడా గమనించకుండా పెప్సీ అనే చదివారు. నేను విజయ పాల ప్యాకెట్ కడిగి, ఆరబెట్టి, అట్టకు అంటించి, వి మీద చిన్న కాగితం ముక్కతో ని అతికించాను. రంగూ సైజూ అన్నీ సరిపోయాయి. ఇప్పుడది నిజయ. పిల్లలకు చూపిస్తే ఇరవై ఏడు మందీ ఒక్క గొంతుతో "పాలు!" అన్నారు. ఆ అట్టను బీరువాలో దాచాను.

మొదట చేసిన పని చార్టులు కిందికి దించడం. మా గోడల మీద అందమైన చార్టులు చాలా ఉన్నాయి, అన్నీ మన కంటి ఎత్తులో. నాలుగేళ్ల పిల్లల కళ్లకు అవి పైకప్పుతో సమానం. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా కన్ను ఎక్కడికి ఆనుతుందో అక్కడ మేకులు కొట్టించాను. సగం చార్టులు తీసేశాను కూడా. నీళ్ల బిందె దగ్గర "నీళ్లు", చెప్పుల అర దగ్గర "చెప్పులు", తలుపు మీద "తలుపు". పొద్దున్నే పిల్లలు లోపలికి వచ్చేటప్పుడు తలుపు మీది మాటను చేత్తో తట్టి రావాలని ఆట పెట్టాను.

తర్వాత కథ చదివే తీరు మార్చుకున్నాను. కన్ను ఎటు పోతోందో కనిపెట్టే పరికరాలతో అమెరికా, కెనడాల్లో చూశారు, పెద్దవాళ్లు కథ చదివి వినిపిస్తుంటే పిల్లల చూపు రాత మీద పడేది చాలా తక్కువ, దాదాపు అంతా బొమ్మల మీదే. నిజమే కదా, ఏనుగును వదిలేసి గీతల వంక ఎవరు చూస్తారు? అందుకని పెద్ద చార్టుల మీద కథ నేనే రాసి, వరస కింద వేలు జరుపుతూ చదవడం మొదలుపెట్టాను. ఒక కథకు మూడో నాలుగో సార్లు మాత్రం ఆగి "ఇప్పుడు ఎక్కడికి పోవాలి?" అని అడిగేదాన్ని. అంతకంటే ఎక్కువ అడిగితే కథ చచ్చిపోతుంది, పిల్లలు చాప పీకడం మొదలుపెడతారు.

ఇక్కడే నాకు పెద్ద దెబ్బ తగిలింది. నేను చదువుకున్న పద్ధతులన్నీ ఇంగ్లీషువి. మాటకొక్కసారి వేలు పెట్టాలి, పిల్లలూ అలాగే పెట్టాలి అని ఉంటుంది వాటిలో. "కాకి నీళ్లు తాగింది" అని రాసి, మూడు మాటలకు మూడుసార్లు వేలు పెట్టాను. పిల్లల్ని పెట్టమంటే ప్రతివాళ్లూ కా, కి, నీ, ళ్లు, తా, గిం, ది అని ఏడుసార్లు వేలు పెడుతున్నారు. రెండు వారాలు సరిదిద్దుతూనే ఉన్నాను. "అట్ల కాదు నాన్నా, కాకి మొత్తానికి ఒక్కసారే." మళ్లీ అదే. ఓ మధ్యాహ్నం మా ఆయమ్మ చాప మడుస్తూ "వాళ్లు సక్కగనే పెడుతున్నరు కద టీచరమ్మా, నోట్లెకెళ్లి ఎన్ని వస్తే అన్ని" అంది. నేను ఆగిపోయాను. ఆమె చెప్పిందే సత్యం. తెలుగులో నోటి మీద పలికే ఒక్కో దెబ్బకు కాగితం మీద ఒక్కో అక్షరం ఉంటుంది, ఒత్తుతో గుణింతంతో సహా కలిసి ఒకే ముద్దగా. "పుస్తకం" చప్పట్లు కొడితే మూడు, కాగితం మీదా మూడు. పిల్లల వేలు నోటినీ రాతనూ సరిగ్గా జత చేస్తోంది. దాన్ని తప్పని కొట్టేస్తున్నది నేను.

ఆ రోజు నుంచి చప్పట్లతోనే వెళ్లాం. మాటలకు చప్పట్లు, చప్పట్లకు గోలీలు, గోలీలకు అక్షరాలు. రెండు వారాల తర్వాత ఓ పాప "బస్" దగ్గర ఆగింది. చప్పట్లు ఒక్కటే, అక్షరాలు రెండు. "టీచర్, ఇంకోటి ఎందుకున్నది?" పొల్లు గురించి ఆ వయసులో చెప్పను. "అది మెల్లగా పలుకుతుంది, విను, బస్ స్ స్" అన్నాను. మిగతా రోజంతా గదిలో పాములు బుసకొట్టినట్టే ఉంది.

మాట అంటే ఏమిటన్నది మాత్రం ఆఖరికి చెప్పాల్సిన సంగతి. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. "రాజుగారింటికెళ్లాడు" అన్నప్పుడు ఎన్ని మాటలో పెద్దవాళ్లే ఒక్కలా చెప్పరు. ఇంగ్లీషులో పేరు మొదట్లో పెద్దక్షరం ఉంటుంది, మనకు ఆ గుర్తూ లేదు. అందుకే ఖాళీని చూపించాను. రెండు మాటల మధ్య పిల్లలు తమ చిటికెన వేలు అడ్డంగా పెట్టి చూసేవాళ్లు, పట్టిందా లేదా అని. అదే వాళ్ల కొలత.

ఆగస్టులో పిల్లల్ని జతలుగా నిలబెట్టి, ఆయమ్మ తాడు పట్టుకోగా, మా గల్లీ అంతా తిప్పాను. టూలెట్ బోర్డు, మెడికల్ షాపు, కిరాణా. మలక్‌పేటలో ఒకే బోర్డు మీద తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ మూడూ ఉంటాయి. ఓ గోడ మీద "ఇచ్చట చెత్త వేయరాదు" అని ఎర్ర రంగుతో రాసుంది, దాని కిందే చెత్త కుప్ప. వేలు జరుపుతూ చదివి వినిపించాను. "మరి వాళ్లు చదవలేదా టీచర్?" అని అడిగాడు ఒక బాబు. రాత అంటే ఎవరో ఎవరికో చెప్పిన మాట అని వాడికి ఆ గోడ దగ్గర అర్థమైంది. నేను నెల రోజులు చెప్పినా అంత స్పష్టంగా అయ్యేది కాదేమో.

మా క్లాసులో ఒక బాబు మొదటి వారం నుంచీ పుస్తకం వెనక నుంచి తెరిచేవాడు, వేలు కుడివైపు నుంచి పెట్టేవాడు. నా పుస్తకంలో వాడి పేరు పక్కన ఎర్రగా తప్పు గుర్తు పెట్టుకున్నాను. గల్లీలో తిరిగిన రోజు అదే పిల్లవాడు ఉర్దూ రాత దగ్గర ఆగి, కుడి నుంచి ఎడమకు వేలు జరిపి "మా దాదా ఇట్ల చదువుతడు" అన్నాడు. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన ఆ తాతగారిని అడిగాను. రోజూ పొద్దున మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని సియాసత్ పేపరు చదువుతారట. "మాది ఇటు నుంచే కదమ్మా మొదలు" అన్నారు ఆయన. ఎర్ర గుర్తు కొట్టేశాను. వరసకు ఓ మొదలుందని, అక్కడి నుంచే పోవాలని క్లాసులో అందరికంటే ముందు తెలిసినవాడు వాడే. మర్నాడు తాతగారిని క్లాసుకు పిలిచి ఉర్దూ పేపరు, తెలుగు పేపరు పక్కపక్కన పరిచి చూపించాం. ఇది ఇటు, అది అటు. మిగతా పిల్లలకు దిక్కు అనే సంగతి అప్పుడు కంటికి కనిపించింది. ఆ తర్వాత వాడు పుస్తకం తీసుకున్నప్పుడల్లా ముందు అక్షరాల వంక చూసి, ఏ వైపు తెరవాలో తేల్చుకుని తెరిచేవాడు.

పేరెంట్స్ మీటింగులో అనుకున్నదే అయ్యింది. "పక్క స్కూల్ పిల్లలు అప్పుడే గుణింతాలు రాస్తున్రు మేడమ్, మా వానికి అ కూడ వస్తలేదు" అన్నారొకరు. ఇంకొకామె బాధగా "వర్గల్ సరస్వతి గుడికి పోయి అక్షరాభ్యాసం చేయించుకొచ్చినం, మీరేమో పలకే పట్టిస్తలేరు" అంది. ఆమె మాట నాకు పట్టుకొమ్మ అయింది. "బియ్యంలో ఓం నమః శివాయ రాయించేటప్పుడు బాబు చెయ్యి ఎవరు పట్టుకున్నరమ్మా?" అని అడిగాను. "వాళ్ల నాయన." "వేలు ఎటు నుంచి ఎటు పోయింది? రాస్తూ నోటితో అన్నరా లేదా? మర్నాడు వాణ్ని సొంతంగా రాయమన్నరా?" ఆమె తల అడ్డంగా ఊపింది. పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని, రాతకూ నోటి మాటకూ సంబంధం ఉందని పిల్లవాడికి చూపించే ఆ పనినే నేను ఆరు నెలలు చేస్తున్నానని చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఒప్పుకోలేదు. ఒక పిల్లను మాన్పించి వేరే బడిలో వేశారు. ఆ పాప ఖాళీ చోటు చాప మీద చాలా రోజులు నన్ను బాధపెట్టింది.

దసరా సెలవులైపోయి వచ్చాక పిల్లలు చెప్పింది చెప్పినట్టు చార్టు మీద రాయడం మొదలుపెట్టాను. నేను దిద్దేదాన్ని కాదు, వాళ్ల యాస వాళ్లదే. ఓ పాప "మా అవ్వ గునుగు పూలతోని పెద్ద బతుకమ్మ పేర్చింది" అంది. రాస్తుంటే నా మోచెయ్యి పక్కన నిలబడి చూస్తోంది. నేను "గునుగు" రాసి చెయ్యి పైకి ఎత్తేసరికి, రెండు చేతుల వేళ్లతో మొదటి గు మీద ఒకటి, చివరి గు మీద ఒకటి పెట్టింది. "టీచర్, ఇవి రెండు ఒక్కటే." ఎవరూ దానికి గు నేర్పలేదు. కొమ్ములో తేడా తెలియదు, పేరూ తెలియదు. నోటిలో రెండుసార్లు వచ్చింది, కాగితం మీదా రెండుసార్లు కనిపించింది, అంతే. ఆ వారం అంతా గది నిండా గు వేట నడిచింది. "ఏనుగు"లో ఒకటి దొరికింది, "గుడి"లో ఒకటి.

డిసెంబరు చివర్లో బీరువాలోంచి పాల ప్యాకెట్ అట్ట తీశాను. జూన్‌లో చూపించినట్టే ఏమీ చెప్పకుండా పైకి పట్టుకున్నాను. కొందరు "పాలు" అన్నారు. కొందరు నోరు తెరిచి, ఆగిపోయారు. పదిహేను మంది దాకా ఏదో తేడా ఉందని గమనించారు, ఏమిటన్నది చెప్పలేకపోయారు. గునుగు పాప లేచి దగ్గరికొచ్చి, ముక్కు అట్టకు తగిలేంత దగ్గరగా చూసింది. ఏమీ మాట్లాడకుండా వంటగదిలోకి పరుగెత్తి, ఆయమ్మ దగ్గర నుంచి అసలు ప్యాకెట్ పట్టుకొచ్చింది. ఇంకా చన్నీళ్లు కారుతున్న ప్యాకెట్‌ను నా అట్ట పక్కన ఆనించి, రెండింటి మొదటి అక్షరాల మీదా చెరో వేలూ పెట్టి "ఇది అదికాదు టీచర్, తప్పు రాసిన్రు" అంది.