గంటంబావు విమానం, రోజంతా ప్రయాణం

మాల్దీవుల్లో ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మనవాళ్లు ముందుగా అడిగేది, తిరువనంతపురం నుంచి ఎంతసేపు పడుతుందని. రాజధాని మాలె అక్కడికి దాదాపు 600 కిలోమీటర్లు, విమానంలో గంట పైచిలుకు. కానీ నియామక పత్రంలో ఉన్న ఊరు మాలె కాక, నాకు వచ్చినట్లు అడ్డూ పగడపు దీవుల్లోని హితధూ అయితే, అసలు లెక్క మాలెలో దిగాకే మొదలవుతుంది. మాలె పక్కన హుల్‌హులే దీవిపై ఉన్న వెలానా విమానాశ్రయం నుంచి దక్షిణపు కొసన అడ్డూలోనే ఉన్న గన్ విమానాశ్రయానికి సుమారు 540 కిలోమీటర్లు. అంటే సముద్రం దాటి పరాయి దేశానికి దాదాపు వచ్చినంత దూరం, ఆ దేశం లోపలే మళ్లీ వెళ్లాలన్నమాట.

ఈ దూరాన్ని రెండు పంకాల చిన్న విమానం నేరుగా వెళితే గంటంబావుకు అటూ ఇటూగా దాటుతుంది. దారిలో మరో దీవిలో దిగి ఎక్కించుకునే సర్వీసైతే ఇంకాస్త ఆలస్యం తప్పదు. గన్ వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ దొరికితే మంచిది. విశాలమైన హువధూ దీవుల వలయం వెనకబడ్డాక కాసేపు నీలం తప్ప మరేమీ కనిపించదు. ఆ నీలంలోనే భూమధ్యరేఖ దాటిపోతుంది, ఆ తరువాత మబ్బు లేకపోతే ఒంటరిగా ఉన్న ఫువమ్ములా దీవి ఎడమ పక్కన కనిపిస్తుంది. గన్ రన్‌వేను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్‌వారు వేసుకున్నారు, 1976లో ఖాళీ చేసి వెళ్లారు. దిగాక హితధూకు దీవులను కలిపే గట్టు రోడ్డు మీదుగా టాక్సీలో వెళ్లిపోవచ్చు.

ఇంత సులువుగా ఉన్నదాన్ని రోజంతా సాగదీసేది మాలెలో మధ్య విరామం. భారత్ నుంచి వచ్చే విమానానికీ గన్ విమానానికీ వేర్వేరు టిక్కెట్లు కొంటే, మొదటిది ఆలస్యమైనందుకు రెండోది ఆగదు. వలస అధికారుల వరుస దాటి, సామాను తీసుకుని, దేశీయ టెర్మినల్‌లో మళ్లీ తూకం వేయించాలి. ఆ తూకంలో అనుమతించే బరువు అంతర్జాతీయ విమానపు బరువంత ఉండాలని లేదు కనుక, బట్టలు ఉంచుకోవాలా ఆవకాయ జాడీ ఉంచుకోవాలా అన్న చర్చ కౌంటరు ముందే జరుగుతుంది. (నేను చూసినంతలో బట్టలే ఓడిపోతాయి.) మాల్దీవుల గడియారం మనకంటే అరగంట వెనక నడుస్తుంది, టిక్కెట్టుపై రెండు చోట్లా స్థానిక సమయాలే ఉంటాయి గనుక వెళ్లేటప్పుడు ప్రయాణం అరగంట తక్కువగానూ, వచ్చేటప్పుడు అరగంట ఎక్కువగానూ కనిపించి, తీసివేతలు చేసే కొత్తవారిని తికమక పెడుతుంది.

వచ్చేటప్పుడు విరామం పొడుగ్గా ఉన్నా, వాన ముసురులో గన్ విమానం రద్దయితే ఇంటికి వెళ్లే టిక్కెట్టు చేజారినట్లే. అందుకే సెలవులకు బయలుదేరే మా తోటి ఉపాధ్యాయుల్లో చాలామంది ముందురోజే మాలె చేరుకుని, విమానాశ్రయం పక్కనున్న హుల్‌హుమాలె దీవిలో ఒక రాత్రి గది అద్దె కడతారు. జీతం లెక్కలు చూసుకునేటప్పుడు ఆ గది అద్దెను కూడా విమాన ఛార్జీలోనే కలుపుకోవడం మేలు.