ఎడమ అంచున ఆ రెండు మీటర్లు

కోఠి, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ఏది తీసుకున్నా డివైడర్ పక్కన బండ్లు ఎలాగోలా సాగిపోతూనే ఉంటాయి. తన్నులాటంతా ఎడమ అంచున ఉన్న రెండు మీటర్ల కోసమే. పార్కింగ్ కార్లు అక్కడే, సవారీ కోసం ఆగిన ఆటో అక్కడే, బస్‌స్టాపు అక్కడే, మిర్చి బజ్జీ బండి దగ్గర ఆపిన స్కూటర్లూ అక్కడే. ఫుట్‌పాత్ మీద చోటు లేక కిందికి దిగినవాళ్ళు నడిచేదీ అక్కడే.

సైకిల్ ట్రాకు అనగానే హైదరాబాద్‌లో అందరికీ గుర్తొచ్చేది ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన సోలార్ కప్పు వేసి కట్టింది. 23 కిలోమీటర్లు, 2023 అక్టోబరు 1న తెరిచారు. వ్యాయామానికి బాగుంటుంది. కానీ ఫ్లాస్కు కట్టుకుని చాయ్ అమ్మేవాళ్ళు, డ్యూటీకి పోయే వాచ్‌మెన్లు, పేపర్లు వేసే కుర్రాళ్ళు తొక్కేది నగరం నడిబొడ్డున, ఈ రెండు మీటర్లలోనే.

వాళ్ళకి మొదటి గండం కారు తలుపు. పూర్తిగా తెరిస్తే అది దాదాపు మీటరు బయటికొస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వచ్చే సైకిలు సెకనుకి నాలుగు మీటర్లు పోతుంది. తలుపు కదలడం చూసి బ్రేకు నొక్కేలోపే దాని దగ్గరికి చేరిపోతుంది. తప్పించుకోబోయి కుడికి తిప్పితే వెనక వచ్చే బండి. అందుకే ఆగిన కార్ల వరస పక్కన కనీసం మీటరుంపావు వదిలి, తిన్నగా తొక్కాలి. రెండు కార్ల మధ్య ఖాళీ కనబడగానే లోపలికి తప్పుకుని మళ్ళీ బయటికి రావడం మర్యాదగానే కనిపిస్తుంది గానీ, వెనకున్నవాళ్ళకి మీరు మాయమై మళ్ళీ ప్రత్యక్షమవుతారు. హారన్ కొడతారా, కొట్టనీయండి. హారన్ కొట్టాడంటే మిమ్మల్ని చూశాడనే.

కారు దిగేవాళ్ళు చెయ్యాల్సింది చిన్న పని. తలుపుకి దగ్గరగా ఉన్న చేత్తో కాకుండా రెండో చేత్తో తెరవండి. డ్రైవరైతే ఎడమ చెయ్యి, వెనక సీట్లో ఎడమవైపు కూర్చున్నవాళ్ళయితే కుడి చెయ్యి. ఆ చెయ్యి చాపాలంటే భుజం తిరుగుతుంది, భుజంతో పాటు తలా తిరుగుతుంది, వెనక వచ్చేది కనబడుతుంది. మన దగ్గర ఎడమ తలుపుతోనూ భయమే. క్యాబ్ నడిరోడ్డున ఆగితే, దానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందులోంచి బండ్లు దూసుకొస్తాయి. అంచుకి ఆనించి ఆపమని అడిగి, ఆ తర్వాతే దిగండి.

రెండో చోటు బస్‌స్టాపు. సిటీ బస్సు పన్నెండు మీటర్ల పొడవుంటుంది. స్టాపులోకి అంచు వెంట చేరాలంటే ముందూ వెనకా ఖాళీ కావాలి. అక్కడ రెండు ఆటోలు నిలబడి ఉంటే డ్రైవర్‌కి దారుండదు. బస్సు ముక్కు లోపలికి, తోక రోడ్డు మీదికి పెట్టి ఆపుతాడు, లేదా రెండో లైన్‌లోనే ఆపేస్తాడు. అందరూ తిట్టేది బస్సు డ్రైవర్‌నే, ఇది అన్యాయం. ఆ తర్వాత జరిగేది ఇంకా చెడ్డది: బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య మిగిలిన సందులోకి టూవీలర్లు దూరతాయి. బస్సు తలుపులు రెండూ అటే. దిగే మనిషి చూపు మెట్టు మీద ఉంటుంది, రోడ్డు మీద కాదు. ఆగిన బస్సుకి ఎడమవైపు నుంచి పోకూడదు, అంతే. కుడివైపు నుంచి పోతున్నా వేగం బాగా తగ్గించాలి, ఎందుకంటే దిగినవాళ్ళు బస్సు ముందునుంచి రోడ్డు దాటుతారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకి బండి 14 మీటర్లు పోతుంది, అంటే బస్సు పొడవు కంటే ఎక్కువ. బస్సు ముక్కు దగ్గర మనిషి కనబడ్డాక కాలు బ్రేకు మీదికి పోయేలోపే అంతా అయిపోతుంది. దిగినవాళ్ళు బస్సు వెళ్ళేదాకా ఆగితే ఈ చిక్కే లేదు.

అసలు నడిచేవాళ్ళు రోడ్డు మీదికి ఎందుకు దిగుతారు? ఫుట్‌పాత్ ఉంది కదా, అంటారు బండ్లవాళ్ళు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం అడ్డేమీ లేకుండా 1.8 మీటర్ల నడక వెడల్పు ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. బండ్లు ఎక్కకుండా ఉండాలని ఆ ఎత్తు ముప్ఫైకి పెంచి కడతారు. ప్రతి గేటు దగ్గరా దిగి, మళ్ళీ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ పది గేట్లకి ఇరవైసార్లు ఎక్కీ దిగీ చెయ్యదు, రోడ్డు మీదే నడుస్తుంది. స్కూటర్లు ఎక్కకుండా ఫుట్‌పాత్‌కి అడ్డంగా ఇనప పైపులు పాతడంలోనూ ఇదే తంటా. వీల్‌చెయిర్ పట్టాలంటే 90 సెంటీమీటర్లు వదలాలి, అందులో స్కూటరూ పడుతుంది. స్కూటర్‌ని ఆపేలా ఇరుకు చేస్తే వీల్‌చెయిర్ ఆగిపోతుంది. పైపులతో ఇది తేలదు. గేట్ల దగ్గర ఫుట్‌పాత్‌ని దించకుండా అదే ఎత్తులో కొనసాగించి, కారునే చిన్న వాలు మీదుగా ఎక్కించాలి.

ఫుట్‌పాత్ అసలే లేని చోట రోడ్డుకి కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనబడేలా నడవండి. దాటేటప్పుడు చెయ్యి చూపిస్తే చాలదు, నడక ఒకే వేగంతో ఉండాలి. టూవీలర్ నడిపేవాడు మీ వెనకనుంచి పోదామని ముందే లెక్క వేసుకుంటాడు. మీరు భయపడి ఒక అడుగు వెనక్కి వేస్తే సరిగ్గా అతని దారిలోకి వస్తారు. పరుగెత్తినా అంతే.

ఇక ఫ్రీ లెఫ్ట్. ఈ పేరు పెట్టినవాళ్ళు నడిచేవాళ్ళని లెక్కలోకి తీసుకోలేదనిపిస్తుంది. ఎడమకి తిరిగే బండ్లకి ఎర్ర లైటు లేదు కాబట్టి ఆ మూల దాటేవాళ్ళకి వంతూ లేదు. తిరిగేటప్పుడు డ్రైవర్ తల కుడివైపు ఉంటుంది, అటునుంచి వచ్చే బండ్ల కోసం. దాటే మనిషి ఎడమవైపు ఉంటాడు. కాబట్టి దాటేవాళ్ళు కారుని కాదు, డ్రైవర్ తలని చూడాలి. అది మీవైపు తిరిగేదాకా అడుగు వెయ్యొద్దు. సిగ్నల్ లేని జీబ్రా దగ్గర ఆగి దారివ్వాల్సింది డ్రైవరే అని 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. ముందు జామ్ ఉంటే జీబ్రా మీదికి ఎక్కి నిలబడకూడదనీ అందులో ఉంది. ఇక్కడ జీబ్రాని మలుపు చివర కాకుండా ఒక కారు పొడవు వెనక్కి వేస్తే, డ్రైవర్ తల కుడికి తిప్పకముందే దాటేవాళ్ళు ఎదురుగా కనబడతారు.

సైకిలువాళ్ళకి ఇదే మూలలో ఇంకో ఉచ్చు. బస్సు, లారీ ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. సిగ్నల్ దగ్గర పెద్ద బండికి ఎడమ పక్కన నిలబడకండి. దాని వెనకే ఆగండి, అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడేంత దూరంలో.

వానాకాలంలో ఈ రెండు మీటర్లూ ఉండవు. రోడ్డు వాలు అంచులకే కాబట్టి నీళ్ళు ముందు అక్కడే నిలుస్తాయి, సైకిళ్ళూ మనుషులూ అందరూ కుడికి జరుగుతారు. కారువాళ్ళు అది తెలుసుకుని ముందే ఎడం ఇవ్వాలి. నీళ్ళు పోవడానికి మ్యాన్‌హోల్ మూత ఎవరో ఒకరు తీసే ఉంటారు. సుడి తిరుగుతున్నట్టు కనిపించినా, ఎవరైనా కర్రో కొమ్మో పాతి ఉన్నా అటు పోకండి. సైకిలు దిగి, చక్రాన్ని ముందుకు తోసి నేల తగిలాకే అడుగు వెయ్యండి.