కొత్త రంగు వెనక ఏముందో తెలిసి కొన్నాం

ఇల్లు మాకు బాగా నచ్చింది. కాగితాలు లాయరు చూసి సరేనన్నారు. లోన్ కోసం బ్యాంకు తన మనిషిని పంపి విలువ కట్టించింది. ఇక ఇల్లు గట్టిగా ఉందో లేదో నిపుణుడితో తనిఖీ చేయించే సర్వే ఎందుకు, డబ్బు దండగ అన్నారు ఇంట్లోవాళ్లు. కానీ బ్యాంకు చూసుకునేది ప్రధానంగా తానిచ్చే అప్పుకు ఆ ఇంటి విలువ సరిపోతుందా అన్నదే. కప్పు కారుతుందా, గోడలు నిలుస్తాయా అన్న టెన్షన్ అందులో ఉండబోయే మనది. అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే, బ్రోకర్‌తో ఏ సంబంధమూ లేని సర్వేయర్‌ను నేనే మాట్లాడుకున్నాను.

ఆయన తనిఖీ చేస్తున్నంతసేపూ వెంటే తిరిగాను. మీరూ తప్పకుండా తిరగండి. పడకగది గోడకు కొత్తగా రంగేశారు, చెయ్యి పెడితే పొడిగానే ఉంది. ఆయన తేమ మీటరు సూదులు గుచ్చి చూస్తే అడుగున రీడింగ్ బాగా ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. గోడలో ఉప్పు చేరినా మీటరు ఇలాగే చూపిస్తుందని, దాన్నొక్కదాన్నే నమ్మకూడదని చెప్పి నన్ను బయటికి తీసుకెళ్లారు. మొక్కల కోసం పోసిన మట్టి లోపలి నేల మట్టం కంటే ఎత్తుగా, గోడకు ఆనుకుని ఉంది. చెమ్మ అక్కడినుంచే వస్తోంది.

హాల్లో ప్లాస్టర్ మీద వెంట్రుకవాసి పగుళ్లు చూసి నేను కంగారుపడితే ఆయన పట్టించుకోలేదు, ప్లాస్టర్ ఆరేటప్పుడు వచ్చేవే అన్నారు. కిటికీ మూల నుంచి ఇటుకల వెంట మెట్లు మెట్లుగా దిగిన పగులు దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు. పైన వెడల్పా, కింద వెడల్పా అని కొలిచారు. పునాది ఒకవైపు కుంగితే ఇలా రావచ్చట. కట్టడం బలం పరీక్షించే స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు విడిగా చూపించమని రాశారు. మేడ మీద స్లాబు అంచున సుత్తితో తడితే డొల్ల శబ్దం వచ్చింది. లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు ఇలాగే పెచ్చులూడుతుంది.

సర్వేకూ హద్దులున్నాయి. గోడ పగలగొట్టరు, ఫ్లోరింగ్ ఎత్తరు. ఏమేం చూడలేకపోయారో రిపోర్టులో రాస్తారు, నేను ముందు చదివింది ఆ భాగమే. స్థలం కొలతలు దస్తావేజుతో సరిపోయాయో లేదో చూడటం వేరే పని, దానికి భూమి కొలిచే సర్వేయర్ కావాలి.

మరమ్మతుల అంచనాలు రాయించి, రిపోర్టుతో పాటు అమ్మేవాళ్ల ముందు పెట్టాను. స్లాబుకూ, చెమ్మకూ అయ్యే ఖర్చు ధరలో తగ్గించారు. పగులు సంగతి తేలేదాకా సంతకం పెట్టనన్నాను. ఇంజినీర్ వచ్చి, పగులు లోపల పాత దుమ్మూ రంగూ ఉన్నాయని, ఇది చాలా పాతదని చెప్పారు. అయినా అటూ ఇటూ గుర్తులు పెట్టి కొన్ని నెలలు కొలుస్తూ ఉండమన్నారు. ఆ మాట తీసుకున్నాకే రిజిస్ట్రేషన్‌కు వెళ్లాం.

ఇంట్లో చేరాక మొదట ఆ మట్టి తీయించాం. గోడ పూర్తిగా ఆరేదాకా రంగు వేయొద్దని రిపోర్టులో ఉంది, అందుకే ఆ ఒక్క గదినీ అలాగే ఉంచాం.